ముల్లర్ గారి తిరగలి

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుంటాను. మా అమ్మ తిరగలిని, అమ్మతో ఒక్క మాటైనా చెప్పకుండా, మా ఫ్యాక్టరీలో పనిచేసే జర్మన్ మేనేజరుకు కానుకగా ఇచ్చేశాను. ఇచ్చి ఊరుకుంటే కొంత నయం. దాని మీద ఆయన పేరు బంగారు రంగుతో రాసి మరీ ఇచ్చాను. ఆ తర్వాత రెండు రోజుల్లో మా ఇంట్లో జరిగిన ప్రళయం గురించి చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఇది పన్నెండేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. పెనాంగ్ ద్వీపంలో, జార్జ్ టౌన్‌లో ఇల్లు, ద్వీపానికి దక్షిణం చివర ఫ్యాక్టరీ, అందులో స్టోర్స్ సూపర్వైజరు ఉద్యోగం. బోల్టులు, బేరింగులు లెక్కపెట్టి అరల్లో సర్దే పని. అన్నిటికీ చీటీ అంటించడం అలవాటైన చేతికి మనుషులకు కూడా చీటీలు అంటించాలనే దురద పుడుతుంది. నాకు పుట్టింది.

దానికి కారణం మా తెలుగు సంఘం వాళ్లు పంచిన ఒక కాగితం. పేరు, ఊరు, ఫోన్ నంబరు తర్వాత 'ఇంటిపేరు' అని ఒక గడి. నా గుర్తింపు కార్డులో 'సిమ్మాద్రి, అప్పలసామి కొడుకు' అని మాత్రమే ఉంటుంది. మా నాన్న కార్డులో 'అప్పలసామి, రామన్న కొడుకు'. మా పెద్దలు ఓడ దిగి పనికి కుదిరిన బగాన్ దాతో కొబ్బరి తోటలో కూలీల పేర్లు రాసుకున్న గుమాస్తాకు ఇంటిపేరు అక్కర్లేదు. మనిషి పేరు, తండ్రి పేరు ఉంటే హాజరు పట్టీ నిండిపోతుంది. మా నాన్నను అడిగితే "మనకలాటివి లేవు లా" అని చేతులు దులిపేసుకున్నాడు. (ఈ దేశంలో పుట్టినవాళ్లకి మాట చివర 'లా' పెట్టకపోతే ఆ మాట పూర్తయినట్టు ఉండదు.) సంఘంలో పెద్దల్ని అడిగాను. పాత తోట కాగితాలు వెతికించాను. కంప్యూటరు ముందు కూర్చుని కళ్లు ఎర్రబడేదాకా చదివాను. మాది కోట కాపలాదార్ల వంశం అయ్యుంటుందని నాలో నేను ఒక నిర్ణయానికి కూడా వచ్చాను. ఆధారం ఏమిటంటారా? నా మీసం.

సొంత పేరు దొరక్కపోయేసరికి ఊళ్లోవాళ్ల పేర్ల మీద పడ్డాను. అలా దొరికినవాడే ముల్లర్ గారు. మూడేళ్లు మా దగ్గర పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్లిపోతున్నాడు. పొడవాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఎవరి మీదా గొంతు పెంచడు. ఆయనంటే నాకు నిజంగానే గౌరవం. అందుకే ఆయన పేరు పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను.

ఆహా, ఏం చరిత్ర! ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. పాతకాలంలో ఊరికొక మర ఉండేది, ఏటి ఒడ్డున నీటిచక్రంతో తిరుగుతూ. ఆ ఊరి రైతులంతా గింజలు అక్కడికే తేవాలి, వేరే చోటికి పోకూడదని జమీందారు కట్టడి. అందుకని ప్రతి ఊళ్లోనూ ఒక ముల్లర్. పట్టీల్లో పేర్లు రాయడం మొదలయ్యాక 'ఏం పని చేస్తావు?' అని అడిగితే చెప్పిన జవాబే పేరై కూర్చుంది. ఉత్తరాన మొల్లర్ అయింది, దక్షిణాన మిల్లర్ అయింది. చదువుకున్నవాళ్లు లాటిన్‌లోకి మార్చుకుని మొలిటర్ అని గొప్పగా చెప్పుకున్నారు. ఆ పేరు పడవలెక్కి డాన్యూబ్ నది వెంట హంగరీ దాకా పోయింది, రష్యాలో వోల్గా ఒడ్డుకు చేరింది, ఓడెక్కి అమెరికాలో దిగి అక్కడి యాసలోకి మారిపోయింది. మా వాళ్లు ఒకే ఒక్కసారి విశాఖ తీరం నుంచి ఓడెక్కి, దిగేలోపే ఇంటిపేరు పోగొట్టుకున్నారు. ఆయన వాళ్లు అన్ని నదులు దాటినా పేరును చంకలో పెట్టుకుని తిరిగారు. నాకు అసూయతో కూడిన ఆరాధన కలిగింది. ఆ స్థితిలో మనిషి ఏదైనా చేస్తాడు.

వీడ్కోలు విందు ఏర్పాట్లు చూసే మిసెస్ టాన్ దగ్గరికి వెళ్లి, కానుక సంగతి నాకు వదిలేయమన్నాను.

"బాటిక్ చొక్కా చాలు లా, మిస్టర్ సిమ్. వెళ్లిపోయే మేనేజర్లందరికీ అదే ఇచ్చాం" అంది.

"చొక్కా ఎవరైనా ఇస్తారు. నేను ఆయన పూర్వీకుల్ని ఆయనకు తిరిగి ఇవ్వబోతున్నాను."

మిసెస్ టాన్ కలం తీసి కాగితం దగ్గరికి జరుపుకుంది. "పూర్వీకులు ఏ సైజు? లార్జా, ఎక్స్‌ట్రా లార్జా?"

ఎక్స్‌ట్రా లార్జే. మా పెరట్లో వాషింగ్ మెషీను వెనక, కరివేపాకు కుండీ కింద పీటలా పడి ఉండేది మా తిరగలి. రెండు గుండ్రటి రాళ్లు, మధ్యలో ఇరుసు, పైరాతికి చెక్క పిడి. ఏళ్ల తరబడి ఎవరూ అందులో గింజ వేసి విసరడం నేను చూడలేదు. నా దృష్టిలో అది కుండీకి ఆసరా. ముల్లర్‌కు మాత్రం అది తాతముత్తాతల పనిముట్టు. ఇంతకంటే తగిన కానుక భూమండలం మీద ఉందా?

అమ్మ అప్పుడు జలసంధికి అవతల, బటర్‌వర్త్‌లో మా చెల్లెలు లచ్చి ఇంట్లో ఉంది. లచ్చి కూతురు లత పెళ్లి దగ్గర పడింది. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్ల జాబితా అక్కడ తయారవుతోంది. పెళ్లి పనులన్నీ మా ఇంట్లోనే మొదలవ్వాలని అమ్మ పట్టు. అమ్మ ఇంట్లో లేదు కదా అని నేను కుండీ పక్కకు జరిపి, తీగ బ్రష్షుతో రాయిని తోముతూ కూర్చున్నాను.

నా భార్య విజయ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె తండ్రి తెలుగువాడు, తల్లి తమిళం. ఇంట్లో ఆమె మాటలు చాలావరకు తమిళంలోనే.

"ఏంగ, అత్తైకిట్ట కేట్టీంగళా?" అంది. అత్తయ్యను అడిగారా అని.

"ఈ రాయి సంగతి అడగాలా? అమ్మకు ఇది ఉందనే గుర్తుండదు."

"అడగండి."

"విజయా, ఇది అంతర్జాతీయ వ్యవహారం."

ఆమె నన్నూ రాయినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపును నేను చాలాసార్లు చూశాను. ఒక్కసారి కూడా లక్ష్యపెట్టలేదు. ప్రతిసారీ ఆమెదే సరైంది.

తోమాక నూనె రాశాను. అప్పటికీ నా ఆవేశం చల్లారలేదు. సైకిల్ కొట్టు నుంచి బంగారు రంగు డబ్బా తెచ్చి, పైరాతి అంచు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ముల్లర్ అని రాశాను. యు అక్షరం మీద జర్మన్ పద్ధతిలో రెండు చుక్కలు కూడా పెట్టాను. ఆ రెండు చుక్కలు గుండ్రంగా రావడానికి అరగంట పట్టింది. వాటిని చూసి నేను పడ్డ గర్వం నా పిల్లల మార్కులు చూసి కూడా పడలేదు.

గురువారం క్యాంటీన్లో విందు. రాయిని ట్రాలీ మీద నెట్టుకొచ్చి, బాటిక్ గుడ్డ కప్పి, మైకు పట్టుకున్నాను. రాసుకొచ్చిన నాలుగు పేజీలూ చదివాను. మర, జమీందారు, డాన్యూబు, వోల్గా, అమెరికా, అన్నీ. మూడో పేజీలో ఒక చిన్న ప్రమాదం జరిగింది. కంప్యూటర్లో ఉన్నదంతా నకలు చేశాను కదా, అందులో ఏముందో చదివేటప్పుడు గానీ తెలియలేదు.

"ఆ రోజుల్లో మర నడిపేవాళ్లు జనం గింజల్లోంచి పిడికెడు పిడికెడు దొంగిలిస్తారని ఊరంతా అనుమానించేది. వాళ్లతో వియ్యం అందడానికి కూడా పెద్ద కుటుంబాలు వెనకాడేవి..."

క్యాంటీన్ మొత్తం పగలబడి నవ్వింది. ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు బల్లలు బాదారు. ముల్లర్ గారి చెవులు మాత్రం ఎర్రటి రంబుటాన్ పండు రంగుకు వచ్చాయి. నేను కంగారుగా గుడ్డ లాగేశాను.

ఆయన రాయి వంక చూశాడు. తన పేరు వంక చూశాడు. పంటి డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడిలా నోరు తెరిచాడు.

"ఇది చాలా... గట్టిగా ఉంది, సిమ్మాద్రి" అన్నాడు చివరికి.

"మీ వంశంలాగే సార్!" అన్నాను.

మిసెస్ టాన్ సంచిలోంచి బాటిక్ చొక్కా తీసి ఆయన చేతిలో పెట్టింది. ముందుజాగ్రత్తగా అదీ కొని ఉంచిందట.

శుక్రవారం పొద్దున్న నేను సెలవు పెట్టి, రోటీ చానాయ్ తుంచి పప్పులో ముంచుకుంటూ, నిన్నటి నా ప్రసంగాన్ని మనసులో మళ్లీ వింటున్నాను. అమ్మ బటర్‌వర్త్ నుంచి వచ్చింది. చేతిసంచి కింద పెట్టి, చీర కొంగు దోపుకుని, తిన్నగా పెరట్లోకి నడిచింది.

"సిమ్మాద్రీ! కరేపాకు మొక్క కింద రాయేదిరా?"

"ఏ రాయమ్మా?"

"ఏ రాయేటి? తిరగలి! మా అమ్మ ఓడెక్కి తెచ్చినాది!"

"దాంతో ఇప్పుడేటి పనమ్మా? మిక్సీ ఉన్నాది కదా."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పసుపు కొమ్ము, దారం ఉన్నాయి.

"మిక్సీకి పసుపు కొమ్ము కడతారేటిరా? రేపు లత గుంట కొట్నాలు. అయిదుగురు పేరంటాళ్లని పిలిసినాను. ఏదీ రాయి?"

ఇక్కడ ఆగి మీకు ఒక సంగతి చెప్పాలి. మా వాళ్లలో పెళ్లి పనులు మొదలుపెట్టడానికి కొట్నాలు అని ఒక ముచ్చట ఉంటుంది. రోకలికీ, తిరగలికీ పసుపు పూసి, బొట్లు పెట్టి, పసుపు కొమ్ము కడతారు. అయిదుగురు ముత్తయిదువలు తలొక పిడికెడు మినుములు వేసి తిరగలి తిప్పుతారు. అది తిరిగితేనే ఆ ఇంట్లో పెళ్లి మొదలైనట్టు. మా ఊళ్లో ఉన్న తెలుగు ఇళ్లే తక్కువ. వాటన్నిటికీ కలిపి మిగిలిన పాత తిరగలి ఇదొక్కటే. దీన్ని తిప్పకుండా ఇక్కడ పీటల మీద కూర్చున్న ఆడపిల్ల లేదు. మా చెల్లెలు పెళ్లికీ ఇదే, అమ్మ పెళ్లికీ తోటలో ఇదే. నాకెలా తెలియలేదంటారా? ప్రతి పెళ్లిలోనూ నేను బయట షామియానా కింద కుర్చీలు వేయిస్తూ టీ తాగుతూ ఉన్నాను. లోపల ఆడవాళ్లు ఏదో రాయి తిప్పుతారని తెలుసు. ఆ రాయి మా పెరట్లోదేనని, పెళ్లికి పెళ్లికి మధ్యలో కుండీ మోస్తుందని తెలియదు.

"అమ్మా... అది ఇచ్చీసినాను."

"ఎవులికి?"

"ముల్లర్ దొరకి. జర్మనీ ఎల్లిపోతన్నాడు."

"దొరకి తిరగలెందుకురా? ఆయన పెళ్లాం సున్నుండలు సేస్తాదేటి?"

"ఆయన ఇంటిపేరుకి అర్థం పిండిమర అని..."

నా మాట నాకే వెర్రిగా వినిపించింది. వంటింట్లో విజయ చేతిలోంచి గరిటె జారిన చప్పుడు. తర్వాత ఒక వింత శబ్దం. నోరు నొక్కుకుని నవ్వుతోందని గ్రహించడానికి నాకు కొంత సమయం పట్టింది.

అమ్మ మాత్రం నవ్వలేదు. తిట్టలేదు కూడా. పెరటి మెట్టు మీద కూర్చుని, చేతిలో పసుపు కొమ్ముకు దారం చుడుతూ ఉండిపోయింది. తిడితే బాగుండుననిపించింది.

"ఓడలోకి మూటలు తగ్గించమన్నారంట" అంది. "మా అమ్మ కోకల మూట ఒగ్గీసి ఈ రాయి పట్టుకోని ఎక్కినాది. కోకలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, తెలీని దేశంలో గింజలు ఎలా విసురుకుంటామని."

నేను చేతిలో రోటీ ముక్కను పళ్లెంలో పెట్టేశాను.

"ఏటి సూస్తన్నావు? ఎల్లి తే" అంది అమ్మ.

ఇచ్చిన కానుకను తిరిగి అడగడానికి వెళ్లేవాడి నడక ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ముల్లర్ గారి అపార్ట్‌మెంటు పన్నెండో అంతస్తు. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగాలని మొక్కుకున్నాను. ఖాళీ చేతులతో వెళ్లడం బాగుండదని కుయి అనే కొబ్బరి మిఠాయిలు ఒక పెట్టెడు కొన్నాను. ఒక తిరగలికి పన్నెండు మిఠాయిలు, న్యాయమైన బేరం కాదని నాకూ తెలుసు.

తలుపు తీస్తే హాలు నిండా అట్టపెట్టెలు. సామాను కట్టేవాళ్లు పని ముగించి, ఓడకు తీసుకెళ్లడానికి మధ్యాహ్నం లారీ తెస్తామని వెళ్లారట. మధ్యలో చెక్కపలకలతో మేకులు కొట్టిన ఒక పెట్టె. అందులో ఉన్నదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"రండి, సిమ్మాద్రి" అన్నాడు ముల్లర్. "మీరు పంపిన మా పూర్వీకుల గురించే నేనూ మా ఆవిడా మాట్లాడుకుంటున్నాం."

"సార్, మిఠాయిలు తీసుకోండి. ఇంకా... వాతావరణం ఎలా ఉంది సార్?"

"నిన్నటిలాగే ఉంది."

"మీ విమానం ఎప్పుడు?"

"సోమవారం. అది మీకు తెలుసు. మీరే వ్యాను ఏర్పాటు చేశారు."

మొత్తానికి కళ్లు మూసుకుని నిజం చెప్పేశాను. అమ్మ, ఓడ, కోకల మూట, లత, అయిదుగురు ముత్తయిదువలు, నా తెలివితక్కువతనం. నేను కళ్లు తెరిచేసరికి ఆయన లేడు. కోపం వచ్చి లోపలికి వెళ్లిపోయాడనుకున్నాను. అంతలో సుత్తి పట్టుకుని వచ్చాడు. అది నా కోసమేమో అని ఒక్క క్షణం అనుమానం కలిగిన మాట నిజం.

ఆయన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని మేకులు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఆయన భార్య జర్మన్‌లో ఏదో అంది. ఇద్దరూ గట్టిగా నవ్వారు.

"ఏమంటున్నారు సార్?"

"దేవుడున్నాడు అంటోంది. దీన్ని ఏ గదిలో పెట్టాలని మేము నిన్నటి నుంచి పోట్లాడుకుంటున్నాం." ఇంకో మేకు ఊడదీశాడు. "ఇంకొక మాట చెప్పాలి. విందులో చెప్పడానికి మనసొప్పలేదు, మీరు అంత సంతోషంగా ఉన్నారు. మేము మర నడిపేవాళ్లం కాదు."

"కాదా? మరి ముల్లర్...?"

"మా ముత్తాత తండ్రి దర్జీ. పేరు ష్నైడర్, అంటే దర్జీ అనే. బట్టలు కుట్టడానికి ఒక మర ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటి పిల్లను చూశాడు. కుట్టు ఎంతకీ పూర్తికాలేదు. పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మా ప్రాంతంలో పేరు మనిషిది కాదు, ఇంటిది. ఎవరు ఆ ఇంట్లో చేరితే వాళ్లకు ఆ ఇంటి పేరు వస్తుంది. అలా ష్నైడర్ కాస్తా ముల్లర్ అయ్యాడు. మర మాత్రం ఎప్పుడూ ఆయన మాట వినలేదు. రాళ్ల మధ్య వేలు నలిగిందని, ఆ తర్వాత మళ్లీ సూదే పట్టాడని మా ఇంట్లో చెప్పుకుంటారు."

నా నాలుగు పేజీల ప్రసంగం కళ్ల ముందు ముక్కలు ముక్కలుగా డాన్యూబ్ నదిలో కొట్టుకుపోయింది. అయితే నన్ను మీరు ఇంకా పూర్తిగా అర్థం చేసుకోలేదు. అవమానం చల్లారకముందే నా బుర్రలో ఒక పెద్ద కత్తెర తళుక్కుమంది. దర్జీ వంశం! ఇత్తడి పిడి ఉన్న కత్తెర, పేరు చెక్కించి... వెంటనే నా నాలుక కరుచుకున్నాను. నా జీవితంలో నేను ఆపుకోగలిగిన మొదటి ఆలోచన అదే.

ఇద్దరం కలిసి రాయిని ఆయన కారులోకి మోశాం. అదేమీ తేలికైన రాయి కాదు. లిఫ్టు దగ్గర ఆయన వగర్చుతూ, "రేపు నేను వచ్చి చూడవచ్చా? నా పేరు ఉన్న రాయి ఏం పని చేస్తుందో చూడాలని ఉంది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, పేరు సంగతి.

ఇంటికి తెచ్చాక థిన్నరు పోసి రుద్దాను. నా అరగంట శ్రమ రాయి లోపలికి ఇంకిపోయింది. ఇనుప చువ్వ తీసేసరికి అమ్మ కేకేసింది. "గీకితే రాయి పెచ్చులూడిపోద్ది! ఒగ్గీ. ఇంకేటీ ముట్టుకోకు."

శనివారం పొద్దున్న ముత్తయిదువలు వచ్చారు. పీట మీద తిరగలి, ఎదురుగా బంగారు అక్షరాలు ధగధగలాడుతూ. అందరూ వంగి చూశారు. బొట్లు పెట్టడానికి మా చెల్లెలు కుంకుమ భరిణె తీసుకుని, ఎక్కడ పెట్టాలా అని వెతికి, యు మీద చుక్కల దగ్గర ఆగింది.

"అన్నాయ్, ఇవి నువ్వు బొట్ల కోసమే పెట్టినావేటి?"

నేను ఔనని తలూపాను. పిరికివాళ్లకు అబద్ధం ఎంత త్వరగా వస్తుందో చూడండి. లచ్చి ఆ రెండు చుక్కల మీద చక్కగా కుంకుమ అద్దింది. ముల్లర్ గారు గుమ్మం దగ్గర బాటిక్ చొక్కాలో నిలబడి ఆశ్చర్యంగా చూస్తున్నాడు. పాటందుకున్నారు. మినుములు పడ్డాయి. రాయి ఒక్కసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. దాని చుట్టూ ముల్లర్, ముల్లర్, ముల్లర్ అని పేరు కూడా తిరిగింది. లత వంక చూశాను. నవ్వాపుకోలేక ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

పాట అయ్యాక అమ్మ వచ్చి దొరను కూర్చోబెట్టి, సున్నుండ చేతిలో పెట్టింది. "దొర ఇంటి సంగతేటో అడుగు" అంది నాతో. నేను దుబాసీ పని చేశాను. దర్జీ కథ మొత్తం చెప్పాను.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇల్లరికపోడా! మరా మాట ముందే సెప్పొద్దేటి? మీ తాత ఇల్లరికమే. మా నాన్నని తోటలో ఇల్లరికం తెచ్చుకున్నారు. అందుకే ఈ రాయి మా అమ్మ కాణ్నుంచి నాకొచ్చినాది."

నేను అది ఇంగ్లీషులోకి మార్చి, నిట్టూర్చి, నా సొంత బాధ కూడా కలిపాను. "మీకు కనీసం రెండు పేర్లున్నాయి సార్. మా ఇంటిపేరు ఓడలోనే పోయింది."

"ఏటంటన్నావు దొరతో?" అంది అమ్మ.

"మన ఇంటిపేరు పోనాదని."

"పోనాదేటి? ఎవుడు సెప్పినాడు?"

"నాన్నే సెప్పినాడు. మనకి లేదని."

"మీ నాన్నకేటి తెలుసు, కల్లు దుకాణానికి దారి తప్ప! మీది నక్కోరు. నువ్వు నక్క సిమ్మాద్రివి."

ముత్తయిదువలు అయిదుగురూ ఒకేసారి నన్ను చూశారు. కోట గుమ్మం, కాపలా కత్తి, నా మీసం, అన్నీ ఆ క్షణంలో కూలిపోయాయి.

"అమ్మా! ఇన్నేళ్ల నుంచి తిరుగుతన్నాను. మరి సెప్పలేదేటి?"

"నువ్వడిగినావేటి? సంగంలోళ్లనడిగినావు. కంపూటర్నడిగినావు. దొర పేరు కోసం ఏ నదుల్లోనో మునిగినావు. ఇంట్లో ఉన్న అమ్మని ఒక్క దినం అడిగినావేటి? ఇంటిపేరడక్కుండా నన్ను ఈ ఇంటికెలా ఇచ్చినారనుకున్నావు? రెండు పక్కలా ఒకటే పేరైతే అన్నసెల్లెళ్లయిపోరేటి? లత సంబంధానికి కూడా అడిగే కదా కలిపినాం!"

నిజమే. మా వాళ్లలో సంబంధం అనుకుంటే మొదట ఇంటిపేర్లు చూస్తారు. ఒకే పేరైతే అక్కడితో ఆగిపోతుంది. ఆ లెక్కలన్నీ వంటింట్లో ఆడవాళ్లే చూసుకున్నారు. నా పెళ్లి విజయతో కుదిరినప్పుడు వాళ్ల వైపు ఆ పట్టింపు లేదు కనుక ఆ మాటే రాలేదు. ఆడవాళ్లు మరో ఇంటి నుంచి వచ్చినవాళ్లు కదా, మా వంశం సంగతి వాళ్లకేం తెలుస్తుందని నేననుకున్నాను. నిజానికి మా ఇంటి లెక్కలు పట్టుకుని కూర్చున్నది వాళ్లే. నేను షామియానా కింద కూర్చున్నాను.

"ఏమంటున్నారు?" అని అడిగాడు ముల్లర్.

"మా ఇంటిపేరు దొరికింది సార్."

"శుభాకాంక్షలు! అర్థం ఏమిటి?"

నేను మీసం సవరించుకునేలోపే, లోపల్నుంచి విజయ చక్కటి ఇంగ్లీషులో ఆయనకు అర్థం చెప్పింది. ఆయన నా వంక, నా మీసం వంక చూసి, ఎంతో మర్యాదగా, "మంచి జంతువు. మా అడవిలోనూ ఉంది" అన్నాడు.

సోమవారం ఆయన వెళ్లిపోయాడు. పేరు మాత్రం ఉండిపోయింది. ఈ పన్నెండేళ్లలో మా ఊళ్లో జరిగిన తెలుగు పెళ్లిళ్ల ఫోటోలు తీసి చూడండి. ప్రతి పెళ్లికూతురి ముందూ రెండు బొట్లతో ముల్లర్ గారు మెరుస్తుంటాడు. "ముల్లరోరి తిరగలి ఖాళీగా ఉన్నాదా?" అని ఫోన్లు వస్తాయి. డాన్యూబు మీదుగా హంగరీకి, వోల్గా ఒడ్డుకు, అమెరికాకు పోయిన ఆ పేరు పెనాంగ్ తెలుగు పెళ్లిళ్లలోకి కూడా వచ్చింది. ఆ వలసకు కారకుణ్ని నేనే. ఈ సంగతి ఏ కంప్యూటర్లోనూ ఉండదు.

ఇక నా ప్రమాణం. సూర్యచంద్రుల సాక్షిగా, నా మీసం సాక్షిగా, నక్క వంశ గౌరవం సాక్షిగా చెబుతున్నాను: ఇక మీదట ఏ మనిషి పేరుకూ అర్థం వెతకను. వెతికినా ప్రసంగం చేయను. చేసినా కానుక ఇవ్వను. ఇవ్వాల్సి వస్తే బాటిక్ చొక్కా ఇస్తాను, సైజు అడిగి.

తప్పుకు దండుగ అమ్మే వేసింది. "ఇచ్చీసినోడే మొయ్యాల." కాబట్టి ఏ ఇంట్లో పెళ్లయినా తిరగలిని మోసుకెళ్లి దించి, మళ్లీ మోసుకొచ్చి కరివేపాకు పక్కన పెట్టేది నేనే. కుండీకి వేరే పీట కొన్నాను. రాళ్లు నున్నబడిపోయాయని అమ్మ అంటే, సన్నికళ్లకు గంట్లు కొట్టే ముసలి తమిళ పనివాణ్ని వెతికి పట్టుకుని, ఇంటికి పిలిచి గంట్లు కొట్టించాను.

కొట్నాల మర్నాడు ఇంకొక పని కూడా చేశాను. స్టోర్స్ నుంచి తెచ్చిన కొత్త పుస్తకం పట్టుకుని అమ్మ పక్కన పెరటి మెట్టు మీద కూర్చున్నాను. "అమ్మా, ఈ రాయి ఎవులెవులు తిప్పినారో సెప్పు" అని అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, కాళ్లు చాపుకుని మొదలుపెట్టింది. కోకలు వదిలేసి ఓడెక్కిన అమ్మమ్మ దగ్గర్నుంచి, తోటలో లైను ఇళ్ల ఆడవాళ్ల మీదుగా, లత దాకా. ఒక్కొక్కరి పుట్టింటి పేరు, అత్తింటి పేరు, ఒక్క తడబాటు లేకుండా. నేను వరసగా రాసుకుంటూ పోయాను. మూడు పేజీలు నిండాయి.

"అయిపోనాదా అమ్మా?"

"దొర పేరు కూడా పెట్టు."

"ఆయన తిప్పలేదు కదమ్మా."

"మోసినాడు కాదేటి? పెట్టు."

పెట్టాను. మూడో పేజీ చివర ఇప్పటికీ అలాగే ఉంది: ముల్లర్, పుట్టింటి పేరు ష్నైడర్, ఇల్లరికం.